ఉత్తరపు ఎనభై ఎకరాల లెక్క

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నేను మూడేళ్ళు అద్దెకున్న ఇంటి పెద్దావిడ పోయిన వారానికి ఆ ఊరి వారపత్రికలో సంస్మరణ వచ్చింది. వాళ్ళమ్మాయి దాన్ని ఫోటో తీసి నాకు పంపింది. 85 ఏళ్ళ బతుకు, పద్నాలుగు లైన్లు. ఎప్పుడు పుట్టింది, ఏ చర్చిలో పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు, ఏడుగురు మనవలు, పూలతోట అంటే ప్రాణం, చెర్రీ పై (పళ్ళు కూరి కాల్చే తీపి వంటకం) చేస్తే ఊరంతా లొట్టలు వేసుకుంటూ తినేది. పని దగ్గరికి వచ్చేసరికి "గృహిణి" అని ఒక్క మాట. దాని పక్కన కామా పెట్టి, "కొన్నాళ్ళు బడి వంటింట్లో కూడా పనిచేసింది" అని.

కొన్నాళ్ళు అంటే ఇరవై ఏళ్ళు.

అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 2014లో ఆవిడ భర్త పోయినప్పుడు వచ్చిన సంస్మరణ కూడా నా దగ్గరుంది. అది "జీవితాంతం రైతుగా బతికిన" అనే మొదలవుతుంది. ఎన్ని ఎకరాలు చేశాడో, పందుల్ని ఎన్నేళ్ళు పెంచాడో, ఆకుపచ్చ ట్రాక్టరు తప్ప ఎర్రది ఎక్కనని ఎలా పంతం పట్టాడో అన్నీ రాశారు. (ఆ ప్రాంతంలో ట్రాక్టరు రంగంటే మన దగ్గర హీరోల అభిమానుల గొడవలాంటిది. నవ్వుతూనే మాట్లాడతారు కానీ మార్చుకోరు.)

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు ఒళ్ళు మండింది. తప్పు పత్రికది కాదు. అక్కడ సంస్మరణ రాసేది ఇంట్లోవాళ్ళే. పిల్లలు రాసిచ్చింది అచ్చు వేస్తారు, అంతే. ఆ పిల్లలు తల్లిని ప్రాణంగా చూసుకున్నవాళ్ళు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లూ ఊరి పేరూ చెప్పను. వాళ్ళకి అలాంటివి నచ్చేవి కావు.

నేను బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ పూర్తిచేసి, 2010లో ఒక విత్తన పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరాను. కేంద్రం ఉన్నది మొక్కజొన్న చేల మధ్యలో. దగ్గర్లో అపార్టుమెంట్లు లేవు. ఎవరో చెబితే ఈ దంపతుల ఇంటికి వెళ్ళాను. పొలం మీది ఇల్లు చిన్నకొడుక్కి వదిలేసి, ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కుని దిగారు. మేడ మీద రెండు గదులు ఖాళీ. అద్దె ఎంతని అడిగితే ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడే చెప్పింది. ఆ మూడేళ్ళలో డబ్బు మాట ఎప్పుడు వచ్చినా ఆయన ఆవిడ వైపే చూసేవాడు. అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు.

అక్కడ పెద్దవాళ్ళనైనా పేరుపెట్టే పిలవాలి. నాకు నోరు రాలేదు. కొన్నాళ్ళు "మీరు, ఏమండీ" లాంటి అవస్థ పడి, చివరికి "గ్రాండ్మా" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. వాళ్ళిద్దరూ కూడా ఒకళ్ళనొకళ్ళు పేరుతో పిలుచుకునేవాళ్ళు కాదు. ఆయన ఆవిడని "మామ్" అనేవాడు, ఆవిడ ఆయన్ని "డాడ్" అనేది. పిల్లలు పుట్టాక అలవాటైపోయి, పిల్లలు వెళ్ళిపోయాక కూడా అలాగే ఉండిపోయింది. మా అమ్మ నాన్నని జీవితంలో ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదని నేను చెబితే, "మరి తప్పిపోతే ఎలా వెతుక్కుంటుంది?" అన్నాడాయన. జోక్ వేశాడని అర్థం కావడానికి నాకు పది సెకన్లు పట్టింది. ముఖంలో ఒక్క గీత కదిలితే ఒట్టు.

మొదటి రోజు నా ఉద్యోగం ఏమిటని అడిగింది ఆవిడ. హైబ్రిడ్ మొక్కజొన్న, ఆడ వరసలు, మగ వరసలు అని మొదలుపెట్టాను. "నాలుగు ఆడవి, ఒక మగది. మాకు తెలుసులే" అంది. తెలియకపోవడమేమిటి, పదకొండు వేసవులు ఆవిడ పసుపు రంగు బస్సు నడిపిందట. జూలైలో పొద్దున్నే అయిదున్నరకి పధ్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల్ని బస్సెక్కించుకుని విత్తన చేలకి తీసుకెళ్ళేది. పక్కనున్న మగ వరస పుప్పొడే తగిలేలా, ఆడ వరసల తల మీద వచ్చిన మగపూతని ఆ పిల్లలు చేత్తో పీకేయాలి. పొద్దున మంచు పట్టి ఆకులు తడిసి ఉంటాయి. చెత్త సంచికి మూడు కన్నాలు పెట్టి, తలా చేతులూ దూర్చి, చొక్కాలా తొడుక్కుంటారు. పదింటికల్లా ఎండ కాసి అదే సంచిలో చెమటతో ఉడికిపోతారు. ఆకు అంచులు మోచేతుల్ని కోస్తాయి. వరస చివర్లో ఆవిడ నిలబడి వదిలేసిన పూతలు లెక్కపెట్టేది. నేను బాపట్లలో పుస్తకంలో చదివిన పనిని ఆవిడ పదకొండేళ్ళు చేయించింది. ఇది ఆ పద్నాలుగు లైన్లలో ఎక్కడా లేదు.

ఇక ఎనభై ఎకరాల సంగతి.

అయోవాని విమానంలోంచి చూస్తే గళ్ళ లుంగీ పరిచినట్టుంటుంది. 1785 నాటి భూమి చట్టం పుణ్యమా అని మధ్య పడమర రాష్ట్రాల నేలంతా మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళుగా కొలిచారు. ఒక గడి 640 ఎకరాలు. అందులో పావు 160, దాంట్లో సగం 80. అందుకే అక్కడి రైతులు పొలాన్ని "ఉత్తరపు ఎనభై", "మామయ్యగారి ఎనభై" అంటారు. మన దగ్గర చింతచెట్టు చేను, చెరువు కింద మడి అన్నట్టే, కాకపోతే వాళ్ళది పచ్చి అంకె.

ఇక్కడొకటి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ గళ్ళు గీసేముందు ఆ నేల సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ ప్రజలది. అమెరికా సైన్యంతో జరిగిన 1832 యుద్ధం తర్వాత, 1842 ఒప్పందం తర్వాత వాళ్ళని అక్కడ్నుంచి కాన్సాస్‌కి వెళ్ళగొట్టారు. మెస్క్వాకీలు కొంతమంది తిరిగొచ్చి, 1857లో టామా కౌంటీలో తమ నేలనే తాము వెయ్యి డాలర్లు పోసి కొనుక్కున్నారు. ఎంతో తెలుసా? 80 ఎకరాలు. వాళ్ళ ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది. మా పెద్దాయన "మా తాతల నేల" అన్నప్పుడల్లా నాకు ఈ రెండో ఎనభై గుర్తొచ్చేది. ఒకసారి అన్నాను కూడా. కాసేపు మాట్లాడలేదు. "వాళ్ళకి మాకంటే మంచి రేటు పడింది" అన్నాడు. ఈసారి జోకో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్ళకి మొదట ఉన్నది ఆయన తండ్రి ఇచ్చిన 160. 1957లో పెళ్ళి. మొక్కజొన్న, సోయా, పందులు, పది పన్నెండు ఆవులు, ఆవిడ కోళ్ళు. 1970ల్లో అమెరికా వ్యవసాయానికి ఒక వెలుగు వెలిగింది. 1972లో సోవియట్ యూనియన్ పెద్ద ఎత్తున ధాన్యం కొంది. ధరలు ఎగిశాయి. అప్పటి వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ ఈ కంచె నుంచి ఆ కంచె దాకా దున్నండి అని ఊరూరా చెప్పాడు. భూమి ధర ఏటా పెరుగుతుంటే, అప్పు చేయనివాడు వెర్రివాడిలా కనిపించేవాడట. 1979లో పక్కనే ఉన్న ఉత్తరపు ఎనభై అమ్మకానికి వచ్చింది. ఎకరం 2,900 డాలర్లు. పక్కనున్న నేల జీవితంలో ఒక్కసారే అమ్మకానికొస్తుందని అక్కడ కూడా అంటారు. కొన్నారు.

అంతే, అక్కడ్నుంచి వరసగా దెబ్బలు. 1980 జనవరిలో, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం దిగిందని అధ్యక్షుడు కార్టర్ ఆ దేశానికి ధాన్యం అమ్మకం ఆపేశాడు. ద్రవ్యోల్బణం దించాలని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతి పాల్ వోల్కర్ వడ్డీలు పెంచుతూ పోయాడు. 1980 డిసెంబరుకి బ్యాంకులు తమ మంచి ఖాతాదార్ల దగ్గరే 21.5 శాతం తీసుకుంటున్నాయి. భూమి అప్పు ఒకటైతే, విత్తనానికీ ఎరువుకీ డీజిలుకీ ఏటా తెచ్చే అప్పు ఇంకొకటి. రెండోదాని వడ్డీ వీళ్ళకి 18 దాకా వెళ్ళింది. పంట ధర పడింది. ఆ వెనకే భూమి ధర పడింది. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఏటా వేసే లెక్క ప్రకారం రాష్ట్రంలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లు, 1986లో 787. తాకట్టు పెట్టిన నేల విలువ అప్పులో సగం కూడా లేదు.

ఆ రోజుల గురించి పెద్దాయన మాట్లాడేవాడు కాదు. పల్లెల్లో కోర్టుల ముందు గడ్డిలో తెల్ల శిలువలు పాతేవారట, పోయిన ఒక్కో పొలానికి ఒక్కోటి. 1985 డిసెంబర్ 9న అయోవాలోనే హిల్స్ అనే చిన్న ఊళ్ళో అప్పుల్లో మునిగిన ఒక రైతు భార్యనీ, బ్యాంకు అధ్యక్షుణ్నీ, పొరుగు రైతునీ కాల్చి చంపి తనూ కాల్చుకున్నాడు. ఆ వార్త విన్న రాత్రి పెద్దావిడ ఇంట్లో తుపాకీ తీసి, వాళ్ళన్నయ్య ఇంట్లో పెట్టి వచ్చింది. కారణం చెప్పలేదు, ఆయనా అడగలేదు. పక్షుల వేట కాలం వచ్చినా అడగలేదు. ఇది ఆవిడ నాకు గిన్నెలు తుడుస్తూ చెప్పింది. వరంగల్ పత్తి రైతుల వార్తలు వచ్చిన 1998లో నేను స్కూల్లో ఉన్నాను. పురుగుమందు డబ్బా మా అమ్మ ఏ చాటున పెట్టేదో నాకు తెలుసు. అది చెప్పాను. ఆవిడ గుడ్డ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

1982లో ఆవిడ బడి వంటింట్లో చేరింది. గంటకి నాలుగు డాలర్లు. జీతం కంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మనవాళ్ళకి ఇది విడిగా చెప్పాలి. అమెరికాలో సొంత వ్యవసాయం చేసుకునేవాడికి ఆరోగ్య బీమా ఎవరూ ఇవ్వరు, తనే కొనుక్కోవాలి. చిన్నాడికి ఉబ్బసం. ఒక్కసారి ఆస్పత్రిలో చేరిస్తే ఏడాది పందుల డబ్బు గల్లంతు. బడి ఉద్యోగంతో కుటుంబం మొత్తానికి బీమా వచ్చింది. మధ్య పడమరలో ఆ పదేళ్ళలో ఎన్నో వ్యవసాయ కుటుంబాలు నిలబడింది ఇలాగే. భార్య ఊళ్ళోకి వెళ్ళి వంటమనిషిగానో, నర్సుకి సాయంగానో, బ్యాంకు కిటికీ వెనకో పనిచేసి ఇంటికి బీమా కార్డు తెచ్చింది. మగవాళ్ళూ చేశారు, కాదనను. మా పెద్దాయన కూడా చలికాలం స్కూలు బస్సు తోలాడు. కానీ ఆయన బస్సు తోలినప్పుడు కూడా రైతే. ఆవిడ ట్రాక్టరు తోలినప్పుడు కూడా గృహిణే. నా గొడవంతా ఇక్కడే.

ఆవిడ దగ్గర చిన్న నోటుబుక్కులు ఉండేవి. విత్తనాల డీలర్లు ఏటా ఉచితంగా ఇచ్చే, చొక్కా జేబులో పట్టేంతవి. ఏడాదికొకటి చొప్పున బూట్ల పెట్టెలో పేర్చి పెట్టుకుంది. ఒక శీతాకాలం కరెంటు పోయినప్పుడు ఆ పెట్టె తీసింది. 1984 ఫిబ్రవరి పేజీ నేను నోటితో చదివాను, ఆవిడకి అద్దాలు దొరకలేదు. ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది. వచ్చింది: బడి 391.16. గుడ్లు, పదకొండు డజన్లు, 7.70. బస్సు, డాడ్, 180. పోయింది: పశువుల డాక్టరు, కరెంటు, చర్చి 5. చిన్నాడి బూట్లు అని రాసి కొట్టేసి, పక్కన "మార్చి" అని. మార్చి పేజీ తిప్పాను. అక్కడా బూట్లు కొట్టేసి ఉన్నాయి. ఏప్రిల్‌లో కొన్నారు. ప్రతి పేజీ అడుగున వడ్డీ ఎంతైందో ఎర్ర పెన్సిలుతో. అన్నీ పెన్సిలే, పెన్ను లేదు. ఎందుకని అడిగితే, "అప్పుడు ఏ లెక్కా నిలిచేది కాదమ్మా, చెరిపి రాసుకోవాలి కదా" అంది.

ఆ పేజీ మధ్యలో ఒక లెక్క ఉంది: 9, 11, 8, 10, 3. మూడు కింద గీత. పందులు ఈనిన పిల్లల లెక్క. ఫిబ్రవరిలో అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీల కింద చలి. ఈనే పంది దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు కూర్చోవాలి. పిల్ల పుట్టగానే తుడిచి, వేడి దీపం కిందికి చేర్చకపోతే అరగంటలో గడ్డకట్టిపోతుంది. తల్లి పక్కకి దొర్లితే కింద పడి నలిగిపోతుంది. ఆవిడ చేతులు చిన్నవి కాబట్టి, అడ్డం తిరిగిన పిల్లని లోపలికి చెయ్యి పెట్టి బయటికి తీసే పని ఆవిడదే. రెండింటికో మూడింటికో ఇంట్లోకొచ్చి, స్నానం చేసి, ఓ గంట పడుకుని, ఆరున్నరకి బడి వంటింట్లో రెండు వందల మంది పిల్లలకి రొట్టెపిండి కలిపేది. మూడు పిల్లలే బతికిన ఆ రాత్రి తనకి నిద్ర పట్టేసిందట. "ఎనిమిదో పదో బతికేవి" అంది, ఇరవై ఏడేళ్ళ తర్వాత, నిన్న జరిగినట్టు.

పందుల్ని అక్కడి పాతవాళ్ళు అప్పు తీర్చే జంతువు అనేవాళ్ళు. 1998 డిసెంబరులో పందుల ధర వంద పౌండ్ల బరువుకి పది డాలర్ల కిందికి పడిపోయింది. అంటే పెంచి పెద్దచేసిన పందికి పాతిక డాలర్లు కూడా రాలేదు. ఆ శీతాకాలమే వీళ్ళు పందుల కొట్టం మూసేశారు. అది చాలా మంది మూసేసిన శీతాకాలం. పెద్ద పెద్ద షెడ్లవాళ్ళు మిగిలారు.

ఉత్తరపు ఎనభై మాత్రం అంతకుముందే పోయింది. 1986లో అప్పిచ్చినవాళ్ళకి రాసిచ్చేశారు. అసలు 160 మిగిలింది. ఎలా మిగిలిందో నోటుబుక్కులు చెబుతాయి. నాలుగేళ్ళ బడి జీతం, బీమా, గుడ్లు, జూలై బస్సు డబ్బులు తీసేసి నేను ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఆ డబ్బులు లేకపోతే 1984 చివరికే 160 కూడా పోయేది. నా లెక్కలో తప్పులుండొచ్చు, నేను ఆడిటర్ని కాదు. పెద్దాయనకి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఇది నాకు తెలుసు" అన్నాడు. అంతే. మళ్ళీ టీవీలో వాతావరణం పెట్టుకున్నాడు.

పిల్లల సంగతి త్వరగా చెప్పేస్తాను. పెద్దవాడు 1980ల్లోనే మినియాపోలిస్ వెళ్ళిపోయాడు, వ్యవసాయం పేరెత్తితే ఇప్పటికీ గది వదిలి వెళ్ళిపోతాడు. అమ్మాయి ఒమహాలో నర్సు. చిన్నవాడు పొలం చూసుకుంటూ, పగలు ఒక ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేస్తాడు, బీమా కోసమే. సంస్మరణ రాసింది ఇతనే. నేను ఫోన్ చేసి మెల్లగా అడిగాను, రైతు అని ఎందుకు రాయలేదని.

"అమ్మే ఒప్పుకోదు" అన్నాడు. "నేను రైతునని అమ్మ ఎప్పుడైనా అందా? నాన్నకి చేదోడుగా ఉన్నానంటుంది. ఆమె అనని మాట ఆమె చచ్చాక మేం అంటగట్టాలా?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. చనిపోయినవాళ్ళు తమని తాము ఏమనుకున్నారో అదే రాయడం మర్యాద. మెస్క్వాకీల ఎనభై గురించి పెద్దాయనతో వాదించిన నేను, ఆయన సంస్మరణలో అది రాయమని అడగలేదు కదా. పైగా "గృహిణి" అన్న మాట తక్కువదని నేననుకుంటే, ఇల్లు చూసుకోవడం పని కాదని నేనే ఒప్పుకున్నట్టు. ఆవిడ చెర్రీ పై కోసం పిండి ఎలా పిసికేదో చూశాను. అదీ పనే.

అయినా నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఎందుకంటే "చేదోడు" అన్న మాట ఆవిడ సొంతంగా ఎంచుకున్నది కాదు. చుట్టూ ఉన్న కాగితాలన్నీ ఆవిడకి అదే నేర్పాయి. అమెరికా ప్రభుత్వం చేసే వ్యవసాయ గణనలో పొలం నడిపేది ఆడమనిషా మగమనిషా అన్న ప్రశ్న మొదటిసారి వచ్చింది 1978లో. ఒక పొలానికి ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాసే వీలు 2002లో వచ్చింది. అప్పటిదాకా ఒక్క గడి, అందులో ఒక్క పేరు. ఎవరి పేరో చెప్పక్కర్లేదు. 2002 అంటే ఆవిడ బడి నుంచి రిటైరైన ఏడు. 2017లో ప్రశ్నలు ఇంకా సరిచేసి, నిర్ణయాలు ఎవరెవరు తీసుకుంటారని అడిగేసరికి, దేశంలో వ్యవసాయం చేసేవాళ్ళలో 36 శాతం ఆడవాళ్ళని తేలింది. వాళ్ళు ఆ ఏడు కొత్తగా పొలాల్లోకి దిగలేదు కదా.

వారసత్వ పన్ను సంగతి ఇంకా ఘోరం. ఇద్దరి పేరునా ఉన్న పొలమైనా సరే, భర్త ముందు పోతే మొత్తం అతనిదే అన్నట్టు లెక్కగట్టి పన్ను వేసేవాళ్ళు. కాదు, ఇందులో నా డబ్బూ ఉంది అని భార్య రుజువు చూపించుకోవాలి. పందుల కొట్టంలో మేలుకున్న రాత్రులకి రసీదులుండవు. పల్లెల్లో దీన్ని వితంతు పన్ను అనేవాళ్ళు. రైతుల భార్యలు సంతకాలు సేకరించి, వాషింగ్టన్ వెళ్ళి మొత్తుకుంటే 1976లో కొంత, 1981లో పూర్తిగా సరిచేశారు. ఆవిడ నోటుబుక్కులు దాచడానికి మొదటి కారణం ఇదేనని నాకు చాలా తర్వాత తెలిసింది. పక్క పొలం ఆవిడకి అలా జరిగిందట 1970ల్లో. "చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అంది. చేదోడు అని చెప్పుకునే మనిషి, మరోపక్క బూట్ల పెట్టెలో సాక్ష్యం దాచుకుంది. ఈ రెండింట్లో ఏది ఆవిడ అసలు మాటో చిన్నవాడిని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. మంచివాడు.

నేను మా ఇంటి గురించి రాయకపోతే అన్యాయం. ఖమ్మం జిల్లాలో మాకు నాలుగెకరాలు, మిరపా పత్తీ. మిరప కోతకి మనుషుల్ని పిలవడం, ఎవరు ఎన్ని రోజులొచ్చారో గోడ మీద బొగ్గుతో గీతలు గీయడం, కల్లంలో కాయలు ఎండబెట్టడం, తాలుకాయలు ఏరడం అన్నీ అమ్మే. పట్టాదారు పాసుపుస్తకం నాన్న పేరున ఉంది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి నాలుగు వేల చొప్పున చెక్కు నాన్న పేరున వచ్చింది. పొలం కాగితం ఎవరిదైతే వాళ్ళే రైతు. కౌలుకి చేసుకునే మా పక్కింటాయనకి అదీ లేదు. అమ్మని ఫోన్‌లో అడిగాను, నువ్వు రైతువేనా అని. "నాదేముందే, మీ నాన్నే కదా" అంది. ఆ వెంటనే, ఈ ఏడు మందు ఎన్నిసార్లు కొట్టారో, ఏ చాలుకి ఎంత కాసిందో పది నిమిషాలు చెప్పింది. నేను తిరిగి ఏమీ అనలేదు. అమెరికాలో కూర్చుని ఎవరి తల్లి గురించో పోట్లాడడం తేలిక.

వాళ్ళిద్దర్నీ దేవుళ్ళని చేయడం నా ఉద్దేశం కాదు. పక్క ఊరి మాంసం ఫ్యాక్టరీలో పనికి మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ గురించి పెద్దాయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. "నువ్వు వేరు" అని నాకు సర్దిచెప్పేవాడు. అది ఇంకా నొప్పిగా ఉండేది. ఆవిడ కాదనేది కాదు, వంటింట్లోకి వెళ్ళిపోయేది. కానీ బడిలో ఆ పిల్లలకి రెండోసారి వడ్డించేదని ఆవిడతో పనిచేసినామె చెప్పింది. ఏది మంచితనమో ఏది పిరికితనమో నేను తేల్చను. ఆయన పెద్దకొడుకుతో చివరిదాకా సరిగ్గా మాట్లాడలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్న క్రిస్మస్‌లు నేను మూడు చూశాను.

ఇంకో లెక్క. ముసలితనంలో వాళ్ళిల్లు నడిచింది దేని మీద? పొలం కౌలు చిన్నవాడు ఇచ్చినప్పుడు ఇచ్చేవాడు. ఆయనకి సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పెన్షన్, కొంత. నెల నెలా తప్పకుండా వచ్చింది ఆవిడ బడి పెన్షన్. అయోవా ప్రభుత్వోద్యోగులకిచ్చే ఐపర్స్ పెన్షన్, వంటమనిషికీ వస్తుంది. పెద్దాయన ఆఖరి ఏడాది మందులు దాంతోనే కొన్నారు. ఆవిడ పోయిన 2022లో అయోవాలో ఎకరం సగటు 11,411 డాలర్లు, అప్పటికి అదే రికార్డు. ఉత్తరపు ఎనభై ఉండుంటే 9 లక్షల డాలర్ల పైమాటే. ఆ మధ్య నేను ఆ దారిన వెళ్ళాను. అందులో సోయా వేశారు, ఎవరు చేస్తున్నారో మరి.

నోటుబుక్కులు ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉన్నాయి. 1984ది నాకిచ్చింది.

2015 మే చివరి సోమవారం, మెమోరియల్ డే నాడు, నేను ఆవిడని శ్మశానానికి కారులో తీసుకెళ్ళాను. అక్కడ ఆ రోజు అందరూ పెరట్లో పూసిన పియోనీ పూలు తెచ్చి పెడతారు. ఖాళీ కాఫీ డబ్బాకి వెండిరేకు కాగితం చుట్టి, అడుగున గులకరాళ్ళు వేసి, నీళ్ళు పోసి తెచ్చింది ఆవిడ. పూల నిండా చీమలు. జంట రాయి అది. ఆయన పేరు కింద రెండు సంవత్సరాలూ ఉన్నాయి. ఆవిడ పేరు కింద 1937 అని, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. రెండు పేర్ల మధ్య పెళ్ళి తేదీ. పైన పిల్లలు బొమ్మ చెక్కించారు: మొక్కజొన్న చేను, ట్రాక్టరు, దాని వెనక గడ్డి మోపులు కట్టే మిషన్, ఆ వెనక మోపుల బండి. ట్రాక్టరు మీద టోపీ పెట్టుకున్న మగమనిషి. బండి మీద ఎవరూ లేరు.

ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసింది.

"ట్రాక్టరు నడిపేది నేను. డాడ్ వెనక బండి మీద నిలబడి మోపులు పేర్చేవాడు" అంది. "అందరిళ్ళలోనూ అంతే. మోపులు బరువు కదా."

"మరి పిల్లలకి చెప్పలేదా గ్రాండ్మా? మార్పించేవాళ్ళు కదా?"

"చెక్కినందుకు డబ్బులిచ్చేశారమ్మా" అంది. వంగి, రాయి పక్కన మొలిచిన గడ్డి పీకి, డబ్బా గాలికి పడిపోకుండా చుట్టూ మన్ను ఎగదోసింది.